పది గ్రాముల లక్ష్మి

అమెరికాలోని బెంటన్‌విల్‌లో తెలుగువాళ్ళకి ఏదైనా కొనాలనిపిస్తే ముందు షాపుకి వెళ్ళరు, ఆదిశేషు ఇంటికి వెళతారు. ప్రెషర్ కుక్కర్ దగ్గర్నుంచి ఏడు సీట్ల బండిదాకా ఆయన తల ఊపితేనే క్రెడిట్ కార్డు బయటికొస్తుంది. ఆయన చేసే ఉద్యోగం సప్లయ్ చైన్ సాఫ్ట్‌వేర్‌లో. అసలు వృత్తి మాత్రం సలహాలివ్వడమే. పరుపు కొనుక్కుందామని వచ్చినవాడిని కూర్చోబెట్టి వెన్నెముక గురించి పాఠం చెప్పి పంపుతాడు. విసుగొచ్చినా జనం మళ్ళీ ఆయన దగ్గరికే వస్తారు, ఎందుకంటే ఆయన చెప్పింది ఇంతవరకూ తప్పలేదు. తప్పకపోవడం కూడా ఒక జబ్బే. ముదిరేదాకా ఉన్నట్టు తెలియదు.

అలాంటి ఆదిశేషు దగ్గరికి ఎండాకాలం మొదట్లో జితేందర్ వచ్చాడు. "అన్నా, నాకొక కాటా గావాలె. ఏది కొనాలె?" అని అడిగాడు.

ఆ కాటా కూరగాయలు తూచుకోవడానికి కాదు, తుపాకీ మందు తూచుకోవడానికి. జితేందర్‌ది జగిత్యాల. అతనికి తుపాకీ పిచ్చి అంటించింది ఆదిశేషే. ఊరవతల కొండల మధ్య ఉన్న షూటింగ్ రేంజికి శనివారాలు పోయి, కనుచూపు మేర దూరంలో వేలాడే ఇనపరేకుని టంగుమనిపించడం ఆయన సరదా. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనకూడదు కాబట్టి జితేందర్ అన్నాళ్ళూ పక్కన కూర్చుని బైనాక్యులర్స్‌లో చూసి చప్పట్లు కొట్టాడు. గ్రీన్ కార్డు చేతికొచ్చాక తనూ ఒక రైఫిల్ కొనుక్కున్నాడు. అదీ ఆదిశేషు చెప్పిందే.

అంత దూరం కాల్చేవాళ్ళు షాపులో దొరికే తూటాలతో సరిపెట్టుకోరు. కాల్చేసిన ఇత్తడి గొట్టాన్ని ఏరుకొచ్చి, శుభ్రం చేసి, అడుగున మందు అంటించే కొత్త ప్రైమర్ గుచ్చి, మందు తూచి పోసి, పైన గుండు బిగించి, తమ తూటాలు తామే తయారు చేసుకుంటారు. ప్రతి దాంట్లోనూ ఒకే బరువు మందు పడాలి. రవ్వంత తేడా వస్తే దూరాన గురి తప్పుతుంది. బాగా ఎక్కువ పడితే గురి సంగతి దేవుడెరుగు, తుపాకీ కాల్చినవాడి మొహానికే ముప్పు. అందుకని కాటా ఎంపిక అంటే పెళ్ళిసంబంధం చూసినంత పని.

"మనకి కరెంటు గిరెంటు లేకుండ, పాతకాలం త్రాసు లెక్క ముల్లు ఊగేది ఉంటది గదన్నా, గది సాలదా?" అన్నాడు జితేందర్.

ఆదిశేషు నవ్వాడు. ఆ నవ్వుకి జితేందర్ అక్కడికక్కడే చిన్నబోయాడు. "అబ్బాయ్, అది ఊగి ఊగి ఆగేసరికి నీకు పెన్షనొస్తుంది. డిజిటల్ చూద్దాం. కాకపోతే వాటిల్లో అన్నీ పనికిరావు. ఫ్యాన్ గాలి తగిలితే అంకె మారుతుంది, పక్కన ఫోన్ మోగితే మారుతుంది, గరాజ్ వేడెక్కితే మారుతుంది. నేను రీసెర్చ్ చేసి చెప్తాగా. తొందరపడి ఏదీ ఆర్డర్ చెయ్యకు."

రీసెర్చ్ మొదలైంది. ఎంతకీ పూర్తి కాలేదు. ఒకదానికి ఖచ్చితత్వం ఉంటే నిలకడ లేదు, నిలకడ ఉన్నదానికి రివ్యూలు లేవు, రెండూ ఉన్నది ప్రయోగశాలల్లో వాడేది, దాని ధర చూస్తే కళ్ళు తిరిగాయి. ఈలోగా రేంజిలో పోటీ దగ్గరపడింది. జితేందర్ మొదటిసారి పేరిచ్చిన పోటీ. చేతిలో తూటాలు లేవు.

"నా కాటా మీద నేనే నింపిస్తాలే, నీ గొట్టాలు తెచ్చివ్వు," అన్నాడు ఆదిశేషు.

పరాయివాడు నింపిన తూటా కాల్చకూడదన్నది ఆ సరదా ఉన్నవాళ్ళు మొట్టమొదట నేర్చుకునే పాఠం. జితేందర్‌కి ఆ పాఠం చెప్పింది కూడా ఈయనే. గుర్తు చేస్తే, "నావి వేరులేవోయ్," అన్నాడు.

ఆదివారం పొద్దున్నే గరాజ్‌లో పని మొదలుపెట్టాడు. కాటా ఆన్ చేస్తే అంకె నిలవడం లేదు. సున్నా దగ్గర ఉండాల్సింది అటూ ఇటూ జారుతోంది. ఎండకి గరాజ్ కుంపటిలా ఉంది మరి. ఇలాంటప్పుడు కాటాకి మళ్ళీ బరువు నేర్పాలి. బటన్ నొక్కితే పది గ్రాములు పెట్టమని అడుగుతుంది; దాంతోపాటు ఇచ్చిన తూకంరాయి పెడితే, పది గ్రాములంటే ఇదన్నమాట అని అది గుర్తు పెట్టుకుంటుంది. ఆ తూకంరాయి కనపడలేదు. బల్ల కింద వెతికాడు, కారు కింద వెతికాడు, వాక్యూమ్ సంచీ విప్పి దుమ్ములో చేతులు పెట్టి మరీ వెతికాడు. లేదు. కొత్తది ఆర్డర్ చేస్తే రావడానికి వారం పట్టేలా ఉంది. ఆర్డర్ చేశాడు. కానీ జితేందర్ సాయంత్రమే వస్తానన్నాడు. కాటా పాడైంది, తూకంరాయి పోగొట్టుకున్నాను అని చెప్పడానికి ఆదిశేషుకి మనసొప్పలేదు.

వంటింట్లో ఛాయాదేవి చపాతీ పిండి కలుపుతోంది. ఆమె మెడలో గొలుసుకి లక్ష్మీదేవి బిళ్ళ వేలాడుతోంది.

"ఛాయా, ఆ బిళ్ళ ఎన్ని గ్రాములు?"

"పది. నికార్సుగా పది. విజయవాడలో నా కళ్ళముందు తూయించాను. ఏం, అమ్మేస్తారా?"

"ఒక్క గంట ఇవ్వు. కాటా సరిచూసుకోవాలి."

"బంగారంతో మందు తూస్తారా! మీ సరదా తగలెయ్య," అంటూనే పిండి చేతులు కడుక్కుని గొలుసులోంచి బిళ్ళ తీసి ఇచ్చింది. "కిందపడేసుకోకండి, అమ్మవారు."

ఆదిశేషుకి తన తెలివికి తనకే ముచ్చటేసింది. లోకంలో ఎవడి తూకాన్ని నమ్మినా నమ్మకపోయినా బంగారం కొట్టు తూకాన్ని నమ్మాలి. అక్కడ అమ్మేవాడు మిల్లీగ్రాము వదులుకోడు, కొనేవాళ్ళు అంతకన్నా వదులుకోరు. బిళ్ళని కాటా మీద పెట్టాడు. కాటా ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. అంకెలు నిలిచాయి.

ఇంక చకచకా నింపేశాడు. మధ్యలో ఒకసారి గొట్టంలోకి తొంగి చూస్తే, మందు మెడ దగ్గరికి ఎప్పటికన్నా కాస్త ఎత్తుగా వచ్చినట్టనిపించింది. చెయ్యి ఆగింది కూడా. కానీ కంటిని కాదు, కాటాని నమ్మాలని ఊరందరికీ చెప్పేవాడాయన. అదే మాట తనకీ చెప్పుకుని గుండు బిగించేశాడు. సాయంత్రం జితేందర్ వచ్చి తూటాల డబ్బా పట్టుకెళుతూ, "నీ చెయ్యి పడితే సాలన్నా, కప్పు మనదే," అన్నాడు. ఆ మాట ఆ రాత్రంతా ఆయనకి తీపిగా గుర్తొచ్చింది.

గురువారం సాయంత్రం ఆదిశేషు ఆఫీస్ నుంచి వచ్చి కాఫీ తాగుతున్నాడు. ఛాయాదేవి స్నేహితురాలు శ్రీవిద్య సోఫాలో కూర్చుని లక్ష్మీ బిళ్ళని అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. వాళ్ళమ్మ ఇండియా నుంచి వస్తోందట, అలాంటిదే చేయించి తెమ్మనాలట.

"పది గ్రాములన్నారు, చేతికి ఎక్కువున్నట్టుందే వదినా," అంది శ్రీవిద్య.

"బంగారం పదే. లోపల బోలుగా ఉంటుంది కదా, నొక్కు పడకుండా లక్క పోస్తారు. బిల్లులో లక్క తీసేసి నికరం వేస్తారు. లక్కకి కూడా బంగారం రేటు కట్టమంటే ఊరుకుంటామా? మీ అమ్మగారికి కూడా చెప్పు, నికరం ఎంతో అడిగి మరీ రాయించుకోమను."

ఆదిశేషు చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది.

బంగారం కొన్న ప్రతి ఇంట్లోనూ ఈ మాట తెలుసు. ఆయనకీ తెలుసు. పెళ్ళయిన దగ్గర్నుంచి ఎన్ని నగల కొట్లలో కూర్చోలేదు, ఎన్నిసార్లు రాళ్ళ బరువు తీసెయ్యమని, లక్క బరువు తీసెయ్యమని బేరమాడలేదు! పది గ్రాముల బిళ్ళ అంటే పది గ్రాముల బంగారమున్న బిళ్ళ అని, దాని బరువు పది కాదని, పసిపిల్లకైనా తెలిసే సంగతి. తెలిసినదంతా అవసరానికి గుర్తొస్తే మనిషి దేవుడయిపోడూ.

వీధిలో మెయిల్ బాక్స్ దగ్గరికి పరిగెత్తాడు. ఆర్డర్ చేసిన తూకంరాయి అనుకున్నదానికంటే ముందే వచ్చి పడుంది. గరాజ్‌లోకి పోయి కాటా మీద పెట్టాడు. పది గ్రాముల రాయిని అది తొమ్మిదిన్నర పైచిలుకు అని చూపించింది. తీసి మళ్ళీ పెట్టాడు. అదే అంకె. అంటే కాటా తక్కువ చూపిస్తోంది. అంటే, సరైన అంకె వచ్చేదాకా ఆయన పోసిన మందంతా ఎక్కువే. జితేందర్ రైఫిల్‌కి ముందే తట్టుకోగలిగినంత పైఅంచున పెట్టిన కొలత అది. దానిమీద ఇంకా పడింది. డబ్బా డబ్బా అంతా అంతే.

వెంటనే జితేందర్‌కి ఫోన్ చేశాడు. ఇంతవరకూ చేసింది మంచిపనే.

"చెప్పన్నా!"

ఆ గొంతులో ఉన్న ఉత్సాహమే కొంప ముంచింది. 'జితేందర్, నేను తప్పు తూచాను, ఎక్కువ మందు పడింది, కాలిస్తే ప్రమాదం' అని చెప్పాలి. నోట్లో సిద్ధంగానే ఉంది. కానీ ఆ మాట తర్వాత రాబోయే ప్రశ్నలు కూడా కళ్ళముందు కనిపించాయి. ఎట్ల తప్పినవన్నా? తూకంరాయి ఏమాయె? గొలుసు బిళ్ళతోనా! శనివారం రేంజిలో అందరూ చెప్పుకుని నవ్వుకోవడం, ఆ తర్వాత ఎవరో ఒకరు పరుపు కొనేముందు ఇంకొకరిని అడగడం.

"ఆ డబ్బా పోటీకి వాడకు," అన్నాడు ఆదిశేషు.

"ఎందుకన్నా?"

"పౌడర్ పాతదయిందని డౌటు. గురి సరిగ్గా రాకపోవచ్చు. నీకు ఫ్రెష్‌గా వేరే నింపిస్తా. వీలు చూసుకుని వచ్చి డబ్బా తీసుకెళతాలే."

"గంతేనా! సరే అన్నా, నువ్వెట్లంటే గట్ల."

ఫోన్ పెట్టేశాక ఆదిశేషు గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పాము చచ్చింది, కర్ర విరగలేదు అనుకున్నాడు. అనుకోవడానికేం, ఎన్నైనా అనుకోవచ్చు. పాము జితేందర్ కారు డిక్కీలో చుట్టచుట్టుకుని పడుకునే ఉంది.

మర్నాడు పోయి డబ్బా తెచ్చేసుకోవాలనుకున్నాడు. ఆఫీస్‌లో వెండర్ మీటింగ్ సాయంత్రందాకా సాగింది. ఇంటికొచ్చే దారిలో కారు జితేందర్ వాళ్ళ వీధివైపు తిప్పబోయి, వాడొద్దని చెప్పాగా, ఇప్పుడు ఆదరాబాదరాగా వెళితే అనుమానం వస్తుంది అనుకుని తిన్నగా పోనిచ్చాడు.

శనివారం మధ్యాహ్నం జితేందర్ ఫోన్ చేశాడు. మాట పూర్తిగా రావడం లేదు. "అన్నా... మనీషా... కన్ను..."

మనీషా జితేందర్ భార్య. వరంగల్‌లో బీడీఎస్ చదివి, ఇక్కడి లైసెన్స్ కోసం ఏళ్ళ తరబడి పరీక్షలు రాసి, మొన్నమొన్ననే కాన్సాస్ సిటీలో డెంటల్ కాలేజీలో సీటు తెచ్చుకుంది. ఆగస్టులో చేరాలి. తుపాకీ అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి. రాఖీ పండక్కి ఆదిశేషు ఇంటికొచ్చి చేతికి రాఖీ కట్టి, "అన్నా, ఈయనకి తుపాకీ మాన్పించు, అదే నాకు కట్నం," అని ఏటా ఆటపట్టించేది. సీటొచ్చిన సంతోషంలో ఉండగా జితేందర్ బతిమాలితే, ఒక్కసారే అని మొదటిసారి రేంజికి వచ్చింది.

హాస్పిటల్ వరండాలో జితేందర్ గోడకి ఆనుకుని కింద కూర్చుని ఉన్నాడు. చొక్కా మీద రక్తపు మరకలు.

"నువ్వు చెప్పినవ్ గదన్నా. వాడకు అన్నవ్ గదా. పోటీకే గద వద్దన్నది, గురి రాకున్నా నేర్చుకునేటోళ్ళకు సాలు గదా అని నేనే దానికిచ్చిన. పొద్దటి సంది డబ్బా ఎండల కార్ల ఉండె. రెండోది కాల్చంగనే వెనకకు పేలినట్టయింది. అది ఎడమచెయ్యి మనిషి, గొట్టం బయటికొచ్చే పక్కనే మొహం పెట్టింది. అద్దాలున్నయ్ గాని, కిందికెళ్ళి ఇత్తడి రజను పోయింది లోపలికి." అతను రెండు చేతులతో తల కొట్టుకున్నాడు. "పెద్దమనిషివి, నువ్వు చెప్తే నేను ఇనలే."

ఆదిశేషు నోరు తెరిచాడు. ఎక్కడ మొదలుపెట్టాలా అని వెతుక్కుంటున్నాడు. అప్పుడే నర్సు వచ్చి లోపలికి రమ్మంది.

కంట్లోకి పోయిన ఇత్తడి రజను డాక్టరు తీసేశాడు. చూపు ఎంతవరకు వస్తుందో వాపు తగ్గాక గానీ చెప్పలేనన్నాడు. మనీషా చెంప కమిలిపోయి ఉంది, కన్నుమీద ప్లాస్టిక్ మూత. ఆదిశేషుని చూసి ఒక్క కంటితో నీళ్ళు పెట్టుకుంది.

"అన్నా, మీరు వద్దని చెప్పినా వినలేదంట ఈయన. రెండు కళ్ళుంటేనే పంటి లోపల చిన్న గీత సరిగ్గా కనపడదు. ఇప్పుడు నేను ఏం చెయ్యాలె?"

చెప్పు, ఇప్పుడే చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు. ఇంత బాధలో ఉన్నప్పుడా, కాస్త తేరుకోనీ అని ఇంకెవరో జోకొడుతున్నారు. ఆయన జోకొట్టినవాడి మాటే విన్నాడు. మనీషా తల నిమిరి, "ఏం కాదమ్మా," అని బయటికొచ్చాడు.

ఆదివారం నుంచి ఊళ్ళో ఒకటే మాట. ఆదిశేషు గారు ముందే హెచ్చరించారట, జితేందర్ పెడచెవిని పెట్టాడట. గుళ్ళో ఒకాయన భుజం తట్టి, "మీలాంటివాళ్ళ మాట వినకపోతే ఇంతేనండీ," అన్నాడు. ఆ చెయ్యి పడిన చోట ఇంటికొచ్చేదాకా మండుతూనే ఉంది. తిట్టినా ఇంత బాధ ఉండేది కాదేమో. పొగడ్త మొహాన కొట్టినట్టుండటం ఆయనకి అదే మొదటిసారి.

ఛాయాదేవి పప్పుచారు, బంగాళాదుంప వేపుడు చేసి వాళ్ళింటికి తీసుకెళ్ళి వచ్చింది. కంచంలో అన్నం పెడుతూ చెప్పింది. "ఆ ఇంట్లో మనుషులున్నట్టే లేదండీ. మనీషా మొగుడితో మాట్లాడటం మానేసింది. అతను ఒక మూల కూర్చుని గోడని చూస్తున్నాడు. తిండి తినటం లేదు. తుపాకీ అమ్మేస్తాడట. నా చేత్తో నేనే దాని కన్ను పొడిచానక్కా అని నా దగ్గర ఏడ్చాడు, పాపం."

ఆదిశేషు కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. తను మొయ్యాల్సినది తనకంటే చిన్నవాడి నెత్తిన పెట్టి, తను మెత్తటి కుర్చీలో కూర్చుని అన్నం తింటున్నాడు. ఒకరోజు కాదు, రోజూ తింటున్నాడు. కంచంలో చెయ్యి కడిగేశాడు.

"ఛాయా, అది నేను చేసిన పని," అన్నాడు. అని, మొత్తం చెప్పాడు.

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది. తర్వాత మెల్లగా అంది, "లక్క ఉందా అని నన్నొక మాట అడగొచ్చుగా."

"నువ్వే కదా నికార్సుగా పది అన్నావు!" అన్నాడు ఆయన గబుక్కున. అంటూనే తన గొంతు తనకి వినిపించింది. ఇప్పుడు ఈమె మీదికి కూడా తోస్తున్నాడన్నమాట. సిగ్గుతో తల దించుకున్నాడు. ఆమె గొలుసు విప్పి బిళ్ళని ఆయన చేతిలో పెట్టింది.

ఆయన గరాజ్‌లోంచి ఒక అట్టపెట్టె తీసుకున్నాడు. అందులో ముల్లు ఊగే పాతకాలపు కాటా ఉంది. జితేందర్ మొదట్లో అడిగినదే. దానికి కరెంటు అక్కర్లేదు, వేడికి జారదు, ఎవరూ దానికి బరువు నేర్పనక్కర్లేదు. ఇన్ని వారాల రీసెర్చ్‌లో దాన్ని ఒక్కసారి కూడా సరిగ్గా చూడని ఆదిశేషు, ప్రమాదం జరిగిన మర్నాడే ఆర్డర్ చేశాడు. ఏం ముంచుకుపోయిందని చేశాడో ఆయనకే తెలియదు. కాళ్ళు కాలాక చెప్పులు కొన్నట్టుంది.

జితేందర్ తలుపు తీశాడు. గడ్డం మాసిపోయి ఉంది. "రా అన్నా." సోఫాలో మనీషా కన్నుకి మూతతో కూర్చుని ఉంది. ఎదురుగా టీవీ ఆఫ్ చేసి ఉంది.

"డాక్టరు ఏమన్నాడమ్మా?"

"చూపు కొంత వస్తదట. ఎంతో తెల్వదు. కాలేజీకి మెయిల్ పెట్టిన, ఒక ఏడాది ఆగుతరా అని."

ఆదిశేషు డైనింగ్ టేబుల్ మీద పెట్టె విప్పి కాటా బయటికి తీశాడు. కాళ్ళ కింద మరలు తిప్పి సమంగా నిలబెట్టాడు. జితేందర్ దూరం నుంచి చూసి తల అడ్డంగా ఊపాడు. "ఎందుకన్నా ఇది? నాకింక కాటాలొద్దు, తుపాకులొద్దు."

"ఒక్కసారి చూడు," అని ఆదిశేషు కాటాని పది గ్రాములకి సరిచేసి, జేబులోంచి లక్ష్మీ బిళ్ళ తీసి పళ్ళెంలో పెట్టాడు. ముల్లు ఒక్కసారిగా పైకి లేచి, ఊగకుండా అక్కడే ఆగిపోయింది. "మీ వదిన బిళ్ళ ఇది. పది గ్రాములు. ఎందుకు ఎక్కువ చూపిస్తోంది?"

జితేందర్‌కి అర్థం కాలేదు. మనీషా లేచి వచ్చి, బిళ్ళని వేళ్ళతో ఎత్తి, వెనక్కి తిప్పి చూసింది.

"లోపల లక్క ఉంటది గదా అన్నా," అంది. అంది గానీ చేతిలో బిళ్ళని వదల్లేదు. దానివైపు చూసింది, కాటావైపు చూసింది, తర్వాత ఆయన మొహంలోకి చూసింది. "మీరు దీంతోనా..."

"దీంతోనే. నా తూకంరాయి పోయింది. దీన్ని పెట్టి కాటా సరిచేశాను. మీకిచ్చిన ప్రతి తూటాలోనూ మందు ఎక్కువ పడింది."

జితేందర్ ముందుకొచ్చాడు. "మరి ఫోన్ల గురి రాదంటివి? పౌడర్ పాతదంటివి?"

"అబద్ధం. అప్పటికే నాకు తెలుసు. పేలుతుందని తెలుసు. పేలుతుందని చెప్పలేదు."

"ఎందుకన్నా?" అన్నాడు జితేందర్. కోపంగా కాదు, నిజంగా తెలుసుకుందామని అడిగాడు. అదే తట్టుకోలేకపోయాడు ఆదిశేషు.

"నేను తప్పు చేశానని నీకు తెలుస్తుందని." అన్నాడు ఆదిశేషు. "నువ్వు చేసింది ఏమీ లేదు. గురి రాదు అని చెప్తే ఎవడైనా నేర్చుకునేవాళ్ళకే ఇస్తాడు. నేనున్నా అదే చేసేవాణ్ణి. ఆ కన్ను పొడిచింది నేను, నువ్వు కాదు. ఇన్ని రోజులూ నువ్వు ఏడుస్తుంటే చూస్తూ కూర్చున్నాను."

క్షమించమని అడగాలనుకున్నాడు. దార్లో కారులో ఆ మాటలు వల్లించుకున్నాడు కూడా. మనీషా కన్నుమీది మూత చూశాక ఆ మాట అడిగే అర్హత తనకి లేదనిపించింది.

మనీషా బిళ్ళని టేబుల్ మీద పెట్టింది. పెట్టి, జితేందర్ వైపు తిరిగింది. ప్రమాదం జరిగిన దగ్గర్నుంచి ఆమె అతనివైపు తిన్నగా చూడటం అదే మొదలు.

"పొద్దున్నుంచి ఏమన్న తిన్నవా?" అంది.

జితేందర్ తల అడ్డంగా ఊపాడు. రెండు చేతులతో మొహం కప్పుకుని, కుర్చీలో కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆమె వచ్చి అతని తల తన పొట్టకి ఆనించుకుని, ఒక చెయ్యి అతని జుట్టులో పెట్టి కాసేపు నిలబడింది. తర్వాత వంటింట్లోకి వెళ్ళింది. కంచాలు తీసిన చప్పుడైంది. రెండే కంచాలు.

ఆదిశేషు ఆ ఇంటికి ఎన్నిసార్లు వచ్చాడో లెక్కలేదు. వచ్చిన ఏ రోజూ తినకుండా పోనివ్వలేదు ఆ పిల్ల. అన్నం టైమ్ కాకపోతే టీ అయినా తాగి పొమ్మనేది, వద్దంటే అలిగేది. ఆయన బిళ్ళని జేబులో వేసుకుని నిలబడ్డాడు. ఎవరూ కూర్చోమనలేదు.

"వస్తాను మరి," అన్నాడు.

జితేందర్ కళ్ళు తుడుచుకుని లేచాడు. కాటాని అట్టపెట్టెలో జాగ్రత్తగా సర్ది, మూత వేసి, ఆయన చేతికిచ్చాడు.

"ఇది నీకోసమే తెచ్చాను జితేందర్. మంచిది. నువ్వు మొదట్లో అడిగిందే..."

"వద్దన్నా. ఎప్పుడన్న కావాల్నంటే నేనే చూసి కొనుక్కుంట."

అంత మర్యాదగా అతను ఎప్పుడూ మాట్లాడలేదు. గుమ్మందాకా వచ్చి, ఆయన చెప్పులు తొడుక్కునేదాకా ఆగి, తలుపు వేసుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి ఛాయాదేవి వరండాలో నిలబడి ఉంది. ఆయన చేతిలో అట్టపెట్టె చూసింది, మొహం చూసింది.

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నారు?"

"ఏమీ అనలేదు."

ఆమె ఆయన చేతిలోంచి పెట్టె అందుకుని, "తిన్నారా?" అని అడిగింది.

"లేదు."

"పెట్టలేదా?" ఆమె నమ్మలేనట్టు చూసింది. "మనీషా... తినమని అడగనైనా అడగలేదా?"

ఆదిశేషు లేదన్నట్టు తల ఊపాడు. జేబులోంచి బిళ్ళ తీసి ఇచ్చాడు. ఛాయాదేవి దాన్ని గొలుసుకి వేసుకోలేదు. లోపలికి తీసుకెళ్ళి దేవుడి దగ్గర పెట్టింది. వచ్చి ఆయనకి కంచం పెట్టి, అన్నం వడ్డించింది. ఆయన చేతులు కడుక్కుంటానని సింకు దగ్గరికి వెళ్ళాడు. కుళాయి తిప్పి, నీళ్ళు అలా పోతూనే ఉండగా, అక్కడే నిలబడిపోయాడు.